పొగ మింగిన దారికి పొగలేని బండి

హైదరాబాద్ శివార్లలోని రామచంద్రాపురంలో మేం అద్దెకున్న రోజుల్లో అమ్మ బట్టలు ఆరేసే ముందు డాబా మీద ఒక్క నిమిషం ఊరికే నిలబడేది. గాలి ఎటు నుంచి వస్తోందో చూసుకునేది. పటాన్‌చెరు వైపు నుంచి వీస్తుంటే నాన్న తెల్ల చొక్కాలూ మా స్కూలు యూనిఫారాలూ ఇంట్లోనే తాడు కట్టి ఆరేసేది. రంగు బట్టలు మాత్రమే పైకి. సాయంత్రం మడతపెట్టేటప్పుడు కాలరు మీద వేలితో రుద్ది చూసేది. వేలు నల్లబడిందా, చొక్కా మళ్ళీ బకెట్లోకే. ఆ వీధిలో ఆడవాళ్ళందరికీ ఈ విద్య వచ్చు.

ఆ నలుపంతా ఫ్యాక్టరీ గొట్టాలదే అనుకునేవాళ్ళం. చాలామటుకు నిజమే. కానీ మా ఇంటికీ బొంబాయి రోడ్డుకూ మధ్య రెండు వందల గజాలు కూడా ఉండదు. ఆ దారిలో రాత్రనక పగలనక తిరిగే లారీలు, ట్యాంకర్లు, బస్సులు, ఏడు సీట్ల ఆటోలు వదిలే పొగ గురించి ఎవరమూ పట్టించుకోలేదు. ఇప్పుడు పట్టించుకోక తప్పదు. అందులో ఒక వాటా నేరుగా సర్కారు బళ్ళది: ఆర్టీసీ బస్సులు, మున్సిపాలిటీ చెత్త బళ్ళు, కలెక్టరేట్ ముందు వరసగా ఆగే అద్దె కార్లు. ఫ్యాక్టరీ మీద కేసు వేస్తే ఏళ్ళు నడుస్తుంది. లారీ మార్చుకోమని యజమానికి చెప్పాలంటే ముందు అతని అప్పు సంగతి చూడాలి. సర్కారు తన బండి తాను మార్చుకోవడానికి ఇంకొకరిని ఒప్పించాల్సిన పని లేదు.

డెబ్బై దాటిన మార్కులు

ఈ ప్రాంతం పొగ కథ ఇవాళ్టిది కాదు. 1960ల్లో రామచంద్రాపురంలో బీహెచ్‌ఈఎల్ వచ్చింది. 1972లో పటాన్‌చెరు పక్కన ఇక్రిశాట్ పంటల పరిశోధన సంస్థ వెలిసింది. ఆ దశాబ్దంలోనే పారిశ్రామిక వాడ మొదలైంది. 1980లో ఇందిరాగాంధీ మెదక్ నుంచి పార్లమెంటుకు ఎన్నికయ్యాక అప్పటి మెదక్ జిల్లాలో భాగమైన ఈ ప్రాంతానికి పరిశ్రమల రాక ఇంకా పెరిగింది. పాశమైలారం, బొల్లారం, కాజీపల్లి, గడ్డపోతారం, జిన్నారం... పేరు చెబితే మందుల కంపెనీలూ రసాయనాల కంపెనీలూ గుర్తొచ్చే ఊళ్ళయ్యాయి. నక్కవాగు రంగు మారింది. ఆ వాగు నీళ్ళు పారిన పొలాలు పాడయ్యాయి. పటాన్‌చెరులో వైద్యం చేస్తూ ఆ కాలుష్యం తెచ్చిన రోగాలను కళ్ళారా చూసిన డాక్టర్ అల్లాని కిషన్‌రావు ఊరూరా తిరిగి జనాన్ని కూడగట్టారు. 1990లో విషయం సుప్రీంకోర్టుకెక్కింది. వ్యర్థ జలాల శుద్ధి కోసం 1994లో పీఈటీఎల్ అనే సంస్థ ఏర్పడింది.

2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దేశంలోని ప్రధాన పారిశ్రామిక ప్రాంతాలకు మార్కులు వేసింది. డెబ్బై దాటితే అతి తీవ్ర కాలుష్య ప్రాంతం కింద లెక్క. పటాన్‌చెరు–బొల్లారానికి 70.07 వచ్చాయి. మరో పదేళ్ళకు, 2019 జనవరిలో, జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం మొదలైంది. గాలి ప్రమాణాలు అందుకోలేని ఊళ్ళ జాబితాలో తెలంగాణ నుంచి హైదరాబాద్, నల్లగొండతో పాటు పటాన్‌చెరు ఎక్కింది. సంగారెడ్డి పేరు కూడా చేరింది. ఒకే రోడ్డు మీద ముప్పై కిలోమీటర్ల ఎడంలో ఉన్న రెండు పట్టణాలు ఒకే జాబితాలో ఉన్నాయంటే, ఆ రోడ్డునూ ఒకసారి చూడాలి కదా.

గాలిని కొలిచే యంత్రాల సంగతి కూడా చెప్పాలి. ఇరవై నాలుగ్గంటలూ పనిచేసే ఈ యంత్రాలు హైదరాబాద్‌కు చాలాకాలం ఆరే ఉండేవి. జూపార్క్, సనత్‌నగర్, సెంట్రల్ యూనివర్సిటీ పోగా మిగిలిన మూడూ ఇక్కడివే: ఇక్రిశాట్, పాశమైలారం, బొల్లారం. తర్వాత కంది ఐఐటీ దగ్గర ఇంకొకటి పెట్టారు. అంటే ఇక్కడి గాలి ఎలా ఉందో సర్కారుకు తెలియక కాదు. ఘనపు మీటరు గాలిలో పీఎం 10 ధూళి ఏడాది సగటున 60 మైక్రోగ్రాములు దాటకూడదని మన దేశం పెట్టుకున్న గీత. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో గీసిన గీత 15 దగ్గరే ఉంది.

డీజిల్ పొగ విషయంలో అనుమానాలకు తావు లేదు. 2012 జూన్‌లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం డీజిల్ పొగను మనుషులకు క్యాన్సర్ తెచ్చేవాటి మొదటి వర్గంలో చేర్చింది. పొగాకు ఉన్నది కూడా ఆ వర్గంలోనే. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6 ఇంజిన్లు, గంధకం బాగా తగ్గించిన డీజిల్ వచ్చి కొంత మేలు చేశాయి. అయితే ఆ తేదీకి ముందు కొన్న బళ్ళు ఆ తేదీ తర్వాత కూడా రోడ్డు మీదే ఉన్నాయి. ముత్తంగి దగ్గర అవుటర్ రింగ్ రోడ్డు కూడలిలో సాయంత్రం ఆరింటికి స్కూటర్ మీద ఆగి చూడండి. ముందున్న పెద్ద బండి కదిలేటప్పుడు వదిలే మొదటి పొగ మన ముఖానికే తగులుతుంది. వెనక సీట్లో పిల్లలుంటే వాళ్ళ ముఖానికి కూడా.

ఒక మాట నిజాయితీగా ఒప్పుకోవాలి. ఈ రోడ్డు మీది పొగలో పెద్ద వాటా సరుకు లారీలది. సర్కారు బళ్ళన్నీ రేపు మారిపోయినా పటాన్‌చెరు ఆకాశం ఎల్లుండి నీలంగా కనపడదు. అయినా ముందు అవే మారాలని ఎందుకంటున్నానంటే, మారడానికి అన్నిటికంటే వీలున్నవి అవే. సిటీ బస్సు పొద్దున డిపో నుంచి బయల్దేరి రాత్రికి అదే డిపోకు చేరుతుంది. ఏ రోజు ఎన్ని కిలోమీటర్లు తిరుగుతుందో షెడ్యూల్ కాగితం మీద ముందే రాసి ఉంటుంది. చెత్త బండి పొద్దున్నే నాలుగు వీధులు తిరిగి మధ్యాహ్నానికి ఖాళీ. తహసీల్దారు గారి కారు మండలం దాటేది తక్కువ. చార్జింగ్ ఎక్కడ, ఎప్పుడు, ఎంతసేపు అన్న ప్రశ్నలకు వీటి దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. ముంబై నుంచి వచ్చే లారీ దగ్గర లేదు.

బానెట్ మీద కూర్చున్న వాళ్ళకు తెలుసు

మన దగ్గర బస్సుకూ సర్కారుకూ బంధం పాతది. 1932లో నిజాం స్టేట్ రైల్వేలో రోడ్డు రవాణా విభాగం మొదలైంది, 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో. తర్వాత ఆంధ్రప్రదేశ్ ఆర్టీసీ అయింది, ఇప్పుడు తెలంగాణ ఆర్టీసీ. ఆ సంస్థకు మియాపూర్‌లో సొంత బాడీ బిల్డింగ్ యూనిట్ ఉండేది. ఛాసిస్ వస్తే దాని మీద రేకు కొట్టి, సీట్లు బిగించి, రంగులేసి రోడ్డెక్కించే పనివాళ్ళు మన దగ్గర ఉండేవాళ్ళు.

ఆ పాత బస్సుల్లో డ్రైవరు పక్కన ఇంజిన్ మీద బానెట్ ఉండేది. సీట్లు నిండితే ఆడవాళ్ళనూ పిల్లలనూ దాని మీద కూర్చోబెట్టేవాళ్ళు. మే నెలలో దాని మీద మడిచిన దుప్పటి వేసినా వేడి ఆగేది కాదు. నేను దాని మీద కూర్చుని సంగారెడ్డి నుంచి పటాన్‌చెరు దాకా వచ్చిన రోజులున్నాయి. దిగాక తొడల వెనక ఎర్రగా కందిపోయి ఉండేది. కాళ్ళ కింద సందులోంచి డీజిల్ వాసన. ఇంటికొచ్చి స్నానం చేసినా జుట్టుకు ఆ వాసన పట్టే ఉండేది. మేం దిగి వెళ్ళిపోయేవాళ్ళం. డ్రైవరు మాత్రం రోజుకు ఎనిమిది గంటలు, ముప్పై ఏళ్ళు, ఎడమ కాలు ఆ వేడి పక్కనే పెట్టుకుని బండి నడిపేవాడు. పొగలేని బండి గురించి మాట్లాడినప్పుడల్లా ముందు నాకు ఆ కాలే గుర్తొస్తుంది.

డీజిల్ వదిలించుకోవాలన్న ఆలోచన మన దేశంలో ముందు ఢిల్లీలో వచ్చింది. 1998లో సుప్రీంకోర్టు ఆదేశించింది, 2002 చివరికల్లా అక్కడి బస్సులన్నీ సీఎన్‌జీకి మారాయి. 2003లో అదే న్యాయస్థానం గాలి చెడిన మరికొన్ని నగరాల పేర్లు చెప్పింది. అందులో హైదరాబాద్ ఉంది. అదే ఏడాది గెయిల్, హెచ్‌పీసీఎల్ కలిసి భాగ్యనగర్ గ్యాస్‌ను ఏర్పాటు చేశాయి. సీఎన్‌జీ బస్సులూ వచ్చాయి. కానీ వేల బస్సుల నగరంలో వాటి సంఖ్య నూరుకు కాస్త అటూ ఇటూ దగ్గరే ఆగిపోయింది. కాకినాడ తీరం నుంచి గుజరాత్‌లోని భరూచ్ దాకా వేసిన గ్యాస్ గొట్టం తెలంగాణ నేల కింద నుంచే వెళ్తుంది. 2009 ఏప్రిల్‌లో కేజీ బేసిన్ గ్యాస్ అందులో పారడం మొదలైంది. కింద గ్యాస్ పోతుంటే పైన మన బస్సులు డీజిల్ తాగాయి. ఆ అవకాశం అలా చేజారింది. ఇప్పుడు మెదక్, సంగారెడ్డి, సిద్దిపేట జిల్లాలకు గ్యాస్ పంపిణీ చేసే హక్కు టోరెంట్ గ్యాస్‌కు ఉంది. ఆటోలకూ కార్లకూ అది పనికొస్తోంది. బస్సుకు మాత్రం కరెంటు దారి తెరుచుకుంది.

ఆ దారి మనవాళ్ళే వేశారన్నది చాలామందికి తెలియదు. 2017లో హిమాచల్‌ప్రదేశ్ ఆర్టీసీ మనాలి నుంచి రోహ్‌తాంగ్ వైపు నడిపిన ఎలక్ట్రిక్ బస్సులు సరఫరా చేసింది హైదరాబాద్ కంపెనీ గోల్డ్‌స్టోన్. అదే తర్వాత మేఘా గ్రూపు చేతిలోకి వచ్చి ఒలెక్ట్రా అయింది. 2019 మార్చిలో మన ఆర్టీసీకి 40 ఎలక్ట్రిక్ బస్సులు వచ్చాయి. మియాపూర్-2, కంటోన్మెంట్ డిపోలు వాటికి ఇల్లు. పుష్పక్ పేరుతో విమానాశ్రయానికి నడిచాయి.

మొదటిసారి ఆ బస్సెక్కిన రోజు బస్సు కదిలిందో లేదో తెలియలేదు. కిటికీ బయట స్తంభం వెనక్కి జరిగాకే తెలిసింది. ఎదురుగా బానెట్ లేదు. గేర్ రాడ్ లేదు. సిగ్నల్ దగ్గర ఆగితే లోపల ఏసీ చప్పుడు తప్ప ఇంకేం లేదు. డీజిల్ బస్సు ఆగినప్పుడు కూడా ఇంజిన్ తిరుగుతూనే ఉంటుంది, పొగ పోతూనే ఉంటుంది. ఈ బస్సు ఆగిందంటే ఆగినట్టే. బ్రేక్ తొక్కినప్పుడల్లా చక్రాల వేగంలో కొంత మళ్ళీ కరెంటై బ్యాటరీలోకి చేరుతుంది. కాబట్టి సిటీ ట్రాఫిక్‌లో, అడుగడుక్కీ ఆగే చోట, డీజిల్ బస్సు నష్టపోయే దాంట్లో కొంత ఈ బస్సు పొదుపు చేస్తుంది. ఆర్టీసీ డిపోల్లో డ్రైవర్ల పేర్ల పక్కన కేఎంపీఎల్ రాసే బోర్డు ఉంటుంది, లీటరుకు ఎవరు ఎన్ని కిలోమీటర్లు తెచ్చారని. డీజిల్ బొట్టు బొట్టుకూ విలువ తెలిసిన సంస్థ అది. ఆ శ్రద్ధ యూనిట్ల మీదికి మళ్ళితే ఈ బస్సులు ఇంకా బాగా నడుస్తాయి.

ముందు ఎవరికి?

నా అభ్యంతరం ఇక్కడే మొదలవుతుంది. మొదటి నలభై బస్సులు విమానాశ్రయానికి వెళ్ళాయి. 2023 మే 16న మియాపూర్‌లో ప్రారంభించిన పది ఈ-గరుడ బస్సులు విజయవాడకు వెళ్ళాయి. ఆ సెప్టెంబర్‌లో గచ్చిబౌలిలో జెండా ఊపిన 25 బస్సులు మెట్రో లగ్జరీ ఏసీలు. 2024 మార్చిలో ఏసీ లేని మెట్రో ఎక్స్‌ప్రెస్‌లు 22 వచ్చాక గానీ మామూలు టికెట్ ప్రయాణికుడికి పొగలేని బస్సు ఎక్కే వీలు రాలేదు. అదే ఏడాది సెప్టెంబర్ చివర్లో కరీంనగర్‌లో 35 బస్సులు మొదలయ్యాయి, జిల్లాలకు ఆ గాలి తగిలింది.

ఆర్టీసీ అలా ఎందుకు చేసిందో తెలియనంత అమాయకులం కాదు. 2023లో ఒలెక్ట్రాకు ఇచ్చిన 550 బస్సుల ఆర్డరు విలువ సుమారు వెయ్యి కోట్లు. అంత ఖరీదైన బస్సు ఎక్కువ చార్జీ వచ్చే రూట్లో తిరిగితేనే గిట్టుబాటు. నష్టాల్లో ఉన్న సంస్థ ఇంకెలా ఆలోచిస్తుంది? తప్పు ఆర్టీసీది కాదు. బస్సుకు సబ్సిడీ ఇచ్చేవాళ్ళు, దాన్ని గాలి బాగాలేని చోట నడపాలన్న షరతు పెట్టలేదు. తప్పు అక్కడుంది.

ఏ షిఫ్టు మారే వేళకైనా పటాన్‌చెరు బస్టాండ్ దగ్గర నిలబడితే ఆ షరతు ఎందుకు కావాలో ఎవరూ చెప్పక్కర్లేదు. పొద్దున ఆరింటి షిఫ్టుకు వెళ్ళేవాళ్ళు, రాత్రి షిఫ్టు దిగి కళ్ళు మూతలు పడుతూ వచ్చేవాళ్ళు. ఒడిశా, బీహార్ నుంచి వచ్చి పాశమైలారంలో గదికి ఆరుగురు చొప్పున ఉండే కుర్రాళ్ళు. టిఫిన్ డబ్బాలు సంచుల్లో పెట్టుకున్న ఆడవాళ్ళు. 2023 డిసెంబర్ 9న ఆడవాళ్ళకు ఉచిత బస్సు ప్రయాణమిచ్చే మహాలక్ష్మి పథకం వచ్చాక ఆటో మానేసి బస్సెక్కే ఆడవాళ్ళు బాగా పెరిగారు. కోఠీ వెళ్ళే 218, సికింద్రాబాద్ వెళ్ళే 219 బస్సులు ఫుట్‌బోర్డు దాకా నిండిపోతాయి. లోపల పనిచేసే చోట రసాయనాల గాలి పీల్చిన మనిషి, బయట బస్సు కోసం నిలబడి డీజిల్ గాలి పీలుస్తున్నాడు. ఒక రోజులో ఆ ఊపిరితిత్తులకు విశ్రాంతి దొరికేది ఎక్కడ?

తిరుమల ఘాట్ మీద 2022 సెప్టెంబర్‌లో ఏపీఎస్‌ఆర్టీసీ ఎలక్ట్రిక్ బస్సులు మొదలుపెట్టింది. కొండ మీద ఉచితంగా తిరిగే ధర్మరథాలకూ 2023లో ఎలక్ట్రిక్ బస్సులు వచ్చాయి. ఏడుకొండల మీద పొగ ఉండకూడదని అందరం ఒప్పుకున్నాం. ఆ మాటకు ఎవరూ లాభనష్టాల పట్టిక అడగలేదు. ఆ గౌరవం కార్మికుడి ఊపిరికి కూడా దక్కాలి.

కేంద్రం 2024 అక్టోబర్‌లో మొదలుపెట్టిన పీఎం ఈ-డ్రైవ్ పథకంలో హైదరాబాద్‌కు 2,000 ఎలక్ట్రిక్ బస్సులు కేటాయించారు. అవుటర్ లోపల తిరిగే డీజిల్ బస్సులన్నిటినీ దశలవారీగా మారుస్తామని రాష్ట్ర ప్రభుత్వమూ ప్రకటించింది. సంఖ్య చిన్నది కాదు. చైనాలోని షెన్‌జెన్ నగరం 2017 చివరికి తన పదహారు వేల పైచిలుకు బస్సులను కరెంటుకు మార్చగలిగింది. మనమూ చేయగలం. ఆ రెండు వేలలో ఎన్ని బొల్లారం, పాశమైలారం, పటాన్‌చెరు, సంగారెడ్డి దారులకు వస్తాయన్నది ఇప్పుడే అడగాలి. పంచేశాక అడిగి లాభం లేదు.

రామగుండం మీదికి తోయొద్దు

కరెంటు బండిని మెచ్చుకునేవాళ్ళు ఒక సంగతి దాటవేస్తుంటారు. నేను దాటవేయలేను. మన గ్రిడ్‌లో ఒక యూనిట్ కరెంటు తయారీకి సగటున ముప్పావు కిలోకు కాస్త తక్కువగా బొగ్గుపులుసు వాయువు గాలిలో కలుస్తుంది. పెద్ద ఏసీ ఎలక్ట్రిక్ బస్సు కిలోమీటరుకు ఒక యూనిట్ పైనే తాగుతుంది. లీటరు డీజిల్ కాలితే వచ్చే వాయువు రెండున్నర కిలోల పైచిలుకు. లీటరుకు నాలుగున్నర, ఐదు కిలోమీటర్లు తెచ్చే మామూలు డీజిల్ బస్సుతో పోల్చి చూడండి. భూగోళం వేడి విషయంలో ఇవాళ్టికి మనకు మిగిలేది ఏమీ లేదు. ఏసీ బస్సయితే ఇంకాస్త ఎదురే వస్తుంది.

మరి ఎందుకీ తంటా అంటే, ముక్కు దగ్గర పొగ పోతుంది. అది చిన్న మేలు కాదు. జనం గుంపుగా నిలబడే చోట, పిల్లల ముఖం ఎత్తులో వచ్చే పొగకూ, ఎక్కడో థర్మల్ కేంద్రం ఎత్తయిన చిమ్నీ నుంచి వచ్చే పొగకూ తేడా ఉంది. కానీ ఆ చిమ్నీ కింద కూడా ఊళ్ళున్నాయి. రామగుండం, పాల్వంచ, భూపాలపల్లి జనం మన కోసం బూడిద పీల్చాలనడం న్యాయం కాదు. కాబట్టి బస్సుతో పాటే డిపో కప్పు మీద సోలార్ పలకలు రావాలి. పటాన్‌చెరు, పాశమైలారంలో ఎకరాల కొద్దీ ఫ్యాక్టరీ షెడ్ల కప్పులున్నాయి. ఎండకు కొదవ లేదు. బస్సులు రాత్రి చార్జ్ అవుతాయి కాబట్టి పగటి సోలార్ నేరుగా పనికిరాదనేవాళ్ళున్నారు. మధ్యాహ్నం రద్దీ తగ్గే వేళ బస్సులు రెండు గంటలు డిపోలో ఆగుతాయి. ఆ రెండు గంటలూ చార్జింగ్ గన్ పెట్టొచ్చు. మిగిలింది గ్రిడ్‌కు ఇచ్చి రాత్రికి తీసుకోవచ్చు.

ఇంకో చిక్కు, నా దృష్టిలో దీనికంటే పెద్దది. ఈ బస్సులు ఆర్టీసీవి కావు. కంపెనీ బస్సు కొంటుంది, కంపెనీ డ్రైవరే నడుపుతాడు, కంపెనీ మెకానిక్కే చూసుకుంటాడు. ఆర్టీసీ కండక్టరు టికెట్లు కొడతాడు, తిరిగిన కిలోమీటరుకు ఇంత అని సంస్థ డబ్బు కడుతుంది. ఒకేసారి కోట్లు పెట్టలేని సంస్థకు ఇది ఊరటే. కానీ డీజిల్ బస్సు ఒక్కొక్కటీ తుక్కుకు పోతుంటే ఆర్టీసీ డ్రైవరూ మెకానిక్కూ కూడా ఒక్కొక్కరూ తగ్గిపోతారు. ఎలక్ట్రిక్ బస్సులను సంస్థే కొని నడపాలని కార్మిక సంఘాలు అడుగుతున్నది అందుకే. న్యాయమైన మాట. ఒకప్పుడు మియాపూర్‌లో ఛాసిస్ మీద బస్సు కట్టిన సంస్థ మోటారూ బ్యాటరీ నేర్చుకోలేదా? ప్రతి ఒప్పందంలోనూ ఆర్టీసీ మెకానిక్‌లకు శిక్షణ, డ్రైవర్లకు వాటా రాయించుకోవాలి. బానెట్ వేడిలో కాలు కాల్చుకున్న మనిషికి ఆ చల్లని సీటు దక్కకపోతే ఎలా?

పెరటి చెట్టు

బస్సు తర్వాత చెత్త బండి. పొద్దున్నే పాట వేసుకుంటూ ఇంటి ముందుకొచ్చే ఆటో టిప్పర్ అన్నిటికంటే మన గడపకు దగ్గరగా పొగ వదిలే సర్కారు బండి. ముప్పై అడుగులకోసారి ఆగుతుంది, ఇంజిన్ ఆపరు. దాని వెనక నిలబడి తడి చెత్త, పొడి చెత్త వేరు చేసే మనిషి ముక్కుకు సైలెన్సర్ రెండు మూడడుగుల దూరంలో ఉంటుంది. ఏ రకంగా చూసినా కరెంటుకు ముందుగా మారాల్సింది ఈ బండే. తిరిగేది తక్కువ, ఆగేది ఎక్కువ, మధ్యాహ్నం నుంచి చార్జింగ్‌కు కావలసినంత తీరిక.

దాని కోసం దూరం వెళ్ళక్కర్లేదు. జహీరాబాద్‌లో మహీంద్రా ఫ్యాక్టరీ ఉంది. ఒకప్పుడు ఆల్విన్ నిస్సాన్ పేరుతో చిన్న లారీలు తయారైన చోటు. తర్వాత ట్రాక్టర్లు. ఇప్పుడు కరెంటు మూడు చక్రాల బళ్ళు కూడా అక్కడ తయారవుతున్నాయి. అక్కడ ఎలక్ట్రిక్ బళ్ళ తయారీకి వెయ్యి కోట్లు పెడతామని 2023 ఫిబ్రవరిలో ఆ కంపెనీ రాష్ట్రంతో ఒప్పందం చేసుకుంది. జహీరాబాద్ సంగారెడ్డి జిల్లాదే. మన జిల్లాలో తయారైన బండి ఎక్కడెక్కడో పొగ తగ్గిస్తుంటే, మన మున్సిపాలిటీలు టెండర్లో డీజిల్ టిప్పర్ అని రాయకూడదు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదన్న సామెత ఇక్కడ నిజం కానివ్వొద్దు. కందిలో ఐఐటీ ఉంది. డ్రైవరు లేని బళ్ళను పరీక్షించే తిహాన్ కేంద్రాన్ని 2022 జూలైలో అక్కడే ప్రారంభించారు. బ్యాటరీ చదువూ మోటారు చదువూ నేర్పడానికి ఇంతకంటే దగ్గరి బడి ఏ డిపోకు దొరుకుతుంది?

ఇక ఆఫీసర్ల కార్లు. ఇక్కడ ఒక పాత దెబ్బ ఉంది. 2017లో కేంద్ర సంస్థ ఈఈఎస్‌ఎల్ సర్కారు ఆఫీసుల కోసం పదివేల ఎలక్ట్రిక్ కార్లకు టెండరు పిలిచింది. టాటా టిగోర్‌లు, మహీంద్రా ఈ-వెరిటోలు వచ్చాయి. ఒక్కసారి చార్జ్ చేస్తే ఎనభై కిలోమీటర్లు దాటడం లేదని అధికారులు ఎక్కడం మానేశారు. కార్లు చాలాచోట్ల ఊరికే నిలబడ్డాయి. ఆ చేదు ఇంకా పోలేదు. కానీ ఆ రోజుల కారు వేరు, ఇప్పటి కారు వేరు. ఇప్పుడు సంగారెడ్డి నుంచి నారాయణఖేడ్ వెళ్ళి రావడానికి మధ్యలో ఎక్కడా ఆగక్కర్లేని కార్లు మామూలు షోరూముల్లో ఉన్నాయి.

పైగా మండల, జిల్లా ఆఫీసుల కార్లలో చాలా భాగం అద్దెవి. నిరుద్యోగి యువకుడు అప్పు చేసి కారు కొని, తానే నడుపుతూ, నెలకింత అని తీసుకుంటాడు. డీజిల్ అందులోనే. నెలకు రెండు వేల కిలోమీటర్లు, లీటరుకు పదహారు, లీటరు 95 రూపాయలు అనుకుంటే డీజిల్‌కే దాదాపు పన్నెండు వేలు పోతుంది. అదే కరెంటు కారు యూనిట్‌కు ఏడు కిలోమీటర్లు తెస్తుందనుకుని, యూనిట్ పది రూపాయలు వేసినా మూడు వేల లోపే. నెలకు తొమ్మిది వేలు ఆ కుర్రాడి ఇంట్లో మిగులుతాయి. కారు ఖరీదు ఎక్కువ, వాయిదా ఎక్కువ, నిజమే. అందుకే అద్దె ఉత్తర్వులో రెండు మాటలు చేరాలి: కరెంటు కారుకు ఐదేళ్ళ ఒప్పందం ఖాయం, బిల్లు నెల నెలా సమయానికి. బిల్లు ఆరు నెలలు ఆగితే కరెంటు కారూ నిలవదు, డీజిల్ కారూ నిలవదు. ఎలక్ట్రిక్ బళ్ళకు రోడ్ ట్యాక్సూ రిజిస్ట్రేషన్ ఫీజూ 2024 నవంబర్ 18 నుంచి 2026 డిసెంబర్ 31 దాకా పూర్తిగా మాఫీ చేస్తూ రాష్ట్రం ఉత్తర్వు ఇచ్చింది. పదిహేనేళ్ళు దాటిన సర్కారు బండి రిజిస్ట్రేషన్ రద్దు చేయాలని 2023 ఏప్రిల్ నుంచి కేంద్రం నిబంధన కూడా ఉంది. పాతది పోక తప్పదు. పోయిన దాని స్థానంలో ఏది వస్తుందన్నదే మిగిలింది.

సంగారెడ్డి కలెక్టరేట్‌కూ, ఆర్టీసీ యాజమాన్యానికీ, ఈ నియోజకవర్గాల ప్రజాప్రతినిధులకూ ఈ ప్రాంతంలో పుట్టి పెరిగిన మనిషిగా ఒక విన్నపం. బస్సులు పంచే రోజు ఆదాయం పట్టికతో పాటు ఇక్రిశాట్, పాశమైలారం, బొల్లారం, కంది యంత్రాల అంకెలు కూడా బల్ల మీద పెట్టుకోండి. మున్సిపాలిటీ టెండరు కాగితం మీద బండి రకం రాసే గడిలో డీజిల్ అన్న మాట కొట్టేయండి. చదువరులకు కూడా ఒక మాట. మీ వార్డు సభలో, మీ డిపోలో ఇచ్చే అర్జీలో ఈ ప్రశ్న ఒక్కసారి అడగండి. అడిగిన ఊరికే బండి ముందొస్తుంది.

మియాపూర్ డిపోకు చార్జింగ్ గన్‌లు 2019లోనే వచ్చాయి. అక్కడి నుంచి పటాన్‌చెరుకు ఇదే రోడ్డు మీద పదమూడు కిలోమీటర్లు.